ముందు కత్తి వాళ్ల చేతికి

నర్సమ్మ గుమ్మంలోకి వచ్చి ఆ మాట అనేసరికి కత్తెరమ్మ చేతిలో ఒక చిన్నపిల్ల తల ఉంది. ముందుజుట్టు కళ్లలో పడుతోందని వాళ్లమ్మ తీసుకొచ్చింది. పిల్ల బొమ్మలా కదలకుండా కూర్చుంది. కదిలింది కత్తెరే. జుట్టు ఒకవైపు రెండు వేళ్ల మేర ఎక్కువ తెగింది.

"రేపు జడ్జిగారికి గడ్డం తియ్యాలి. నువ్వే తియ్యాలి పిల్లా," అంది నర్సమ్మ.

పదిహేనేళ్లుగా ఆ కుర్చీ వెనక నిలబడుతున్న కత్తెరమ్మకు చెయ్యి జారడం అదే మొదలు. తల్లి చూడకముందే రెండోవైపు కూడా అంతే కత్తిరించి, ఇప్పుడు ఇదే ఫ్యాషనని చెప్పి పంపేసింది. వాళ్లు వీధి మలుపు తిరిగాక తలుపు దగ్గరకు వేసి, తన కుర్చీలో తనే కూలబడింది.

కత్తెరమ్మ అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. మూడేళ్లప్పుడు నాన్న కత్తెర సంపాదించి, ఇంట్లో కర్టెన్లూ, పక్కింటి పిల్లి మీసాలూ, చివరికి నాన్న చర్చికి తొడుక్కునే తెల్లచొక్కా కాలరూ కత్తిరించినందుకు వీధి ఇచ్చిన బిరుదు. బిరుదుకు తగ్గ పనే వచ్చింది. రైల్వే స్టేషను వెనకవీధిలో, ఇంటి ముందుగదిలో రెండు కుర్చీల సెలూను వాళ్లది. కుడి కుర్చీ నాన్నది, ఎడమది ఆమెది. నాన్నను అందరూ మేస్త్రి అనేవాళ్లు. గాలి ఊదిన బుడగకు సబ్బు నురగ పూసి, అది పగలకుండా కత్తితో నురగంతా తీస్తేనే మనిషి గడ్డం ముట్టుకోనిచ్చేవాడు. ఆమె ఇరవైమూడు బుడగలు పగలగొట్టాక గానీ ఒప్పుకోలేదు. మూడు నెలల కిందట ఆ మేస్త్రి గుండె ఆగి పోయాడు. కుడి కుర్చీ మీద దుప్పటి కప్పేశారు.

ఆయనకు ఆదివారం ఒక దినచర్య ఉండేది. చర్చి నుంచి రాగానే, తెల్లచొక్కా కూడా విప్పకుండా సామాను పెట్టె సర్దుకుని, పాత గూడ్సు షెడ్డు మెట్ల దగ్గరికి వెళ్లిపోయేవాడు. ఆ మెట్ల మీద ఇల్లూ వాకిలీ లేనివాళ్లు ముప్ఫైమంది దాకా ఉంటారు. వాళ్లకు క్షవరాలు చేసి, గోళ్లు తీసి, పొద్దు వాలేవేళకు వచ్చేవాడు. "చర్చి అయ్యిందిగా, ఇంకెక్కడికి?" అని అమ్మ అడిగితే, "అక్కడ అందరం కలిసి గొంతెత్తి పిలిచామే. పలకలేదు. ప్రభువు మెట్ల దగ్గర ఉన్నాడేమో చూసొస్తా," అనేవాడు. అలా ఇరవై ఏళ్లు చూసొచ్చాడు.

కత్తెరమ్మ ఒక్కనాడూ వెంట వెళ్లలేదు. వాళ్లంటే జాలి లేక కాదు, భయం. గూడ్సు షెడ్డు దారి దగ్గరైనా సరే, చుట్టుతిరిగి మార్కెట్టు మీదుగా వెళ్లేది. నాన్న పోయాక చర్చి అయిపోగానే పాస్టరుగారు ప్రతి ఆదివారం అడిగేవారు: "మెట్ల దగ్గరివాళ్లు ఎదురుచూస్తున్నారమ్మా." "వచ్చేవారం చూద్దాం అయ్యగారూ," అనేది. అలా పన్నెండు వచ్చేవారాలు గడిచిపోయాయి.

ఇక జడ్జిగారంటే ఆమెకే కాదు, ఆ చుట్టుపక్కల ఎవరికైనా గుండెలు దడదడే. చిరిగిన నల్లకోటు వేసుకుని పై మెట్టు మీద కూర్చుంటాడు. వచ్చేపోయేవాళ్లకు వేలు చూపించి శిక్షలు వేస్తాడు. "నీకు ఆరేళ్లు! నీకు యావజ్జీవం! తీసుకుపోండి!" దూరం నుంచి వింటే నవ్వొస్తుంది, దగ్గరి నుంచి ఆ కళ్లు చూస్తే నవ్వు గొంతులోనే ఆగిపోతుంది. రెండేళ్ల కిందట మునిసిపాలిటీ మనుషులు నలుగురు ఆయన్ని అదిమిపట్టి గొరగబోయారు. వాళ్ల కత్తే లాక్కుని ఒకడి చెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా చీరేశాడు. ఆ తర్వాత ఆయన గడ్డం మీద పడ్డ చెయ్యి మేస్త్రిది ఒక్కటే.

"ఏమైంది ఆయనకి?" అంది కత్తెరమ్మ.

నర్సమ్మ రోడ్డు మీది జనాన్ని చూసే దవాఖానాలో పనిచేస్తుంది. యాభై దాటిన మనిషి. మాటను చక్కెరలో ముంచి చెప్పే అలవాటు లేదు.

"దవడ కింద పుండు. మూడు నెలల గడ్డం, అట్టకట్టుకుపోయి చాపలా తయారైంది. దానికింద ఏముందో కనబడదు గానీ, వాసన వస్తోంది. నిన్న పురుగు రాలింది. డాక్టరుగారు నాలుగడుగుల దూరం నుంచి చూశారు. మెడలో పెద్ద రక్తనాళం పక్కనే ఉందట. పుండు అందులోకి తొలుచుకుపోయిందంటే నిమిషాల్లో పోతాడు. గడ్డం తీస్తే గానీ ముట్టుకోవడానికి లేదు. నాలుగు రోజులు, మహా అయితే అయిదు."

"మత్తు సూది..."

"గుండె బాగాలేదు. ఇస్తే లేవకపోవచ్చు అన్నారు. నలుగురు పట్టుకుంటే ఆ పెనుగులాటలో పుండు చిట్లి అదే జరుగుతుంది. తనంతట తను మెడ ఇవ్వాలి."

"ఇంకెవరూ దొరకలేదా?"

"దొరికితే నీ గుమ్మం ఎందుకు ఎక్కుతాను? ముగ్గుర్ని తీసుకెళ్లా. ఒకాయనైతే సంచీ వదిలేసి పారిపోయాడు. అది నేనే మోసుకొచ్చి ఇవ్వాల్సొచ్చింది."

కత్తెరమ్మకు నవ్వు రాలేదు. నాన్న బతికుంటే ఆ పుండు శనగగింజంత ఉన్నప్పుడే చూసేవాడు. ఆ మాట నర్సమ్మ అనలేదు, అనక్కర్లేదు కూడా. పన్నెండు వచ్చేవారాలూ వచ్చి కడుపులో రాళ్లలా కూర్చున్నాయి.

"మీ నాన్న పద్ధతి ప్రకారం చేస్తేనే ఒప్పుకుంటాడు. అది నీకు తెలుసుగా?" అంది నర్సమ్మ.

"ఏ పద్ధతి?"

నర్సమ్మ నోటిమీద చెయ్యేసుకుంది. "ఇంట్లో చెప్పలేదా ఆ మహానుభావుడు?"

చెప్పలేదు. ఇప్పుడు నర్సమ్మ చెప్పింది. మేస్త్రి మెట్ల దగ్గర ఎవరి గడ్డం తియ్యాలన్నా ముందు తన చెంపకు నురగ రాసుకునేవాడు. కొత్త బ్లేడు వేసి, కత్తి తెరిచి, అవతలివాడి చేతిలో పెట్టేవాడు. "ముందు నువ్వు నాకు గియ్యి. ఒక్క గీత. తర్వాత నేను నీకు" అనేవాడు. అని మొహం పక్కకు తిప్పి, మెడ ఇచ్చేవాడు.

"నేను తిట్టాను కూడా. దారినపోయేవాళ్ల చేతికి కత్తిచ్చి మెడ చాపుతావేంటయ్యా అన్నాను. ఏమన్నాడో తెలుసా? వీళ్లమీద ఇన్నాళ్లూ ఎవడెవడో చెయ్యేశాడు నర్సమ్మా, నా చెయ్యి మంచిదని వాళ్లకెలా తెలుస్తుంది? మా ప్రభువు ముందు తనే మన చేతికి దొరికాడు. ఆ చేతిలో శిలువ మేకులు కొట్టే సుత్తి ఉందని తెలిసే దొరికాడు. నేను చేసేది అందులో గోరంత, అన్నాడు."

లోపలిగదికి అడ్డంగా ఉన్న తెర పక్కకు లాగి అమ్మ బయటికొచ్చింది. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఆదివారం ఆదివారం చెవికింద గాటు పెట్టుకొచ్చేవాడు. బ్లేడు జారిందే అనేవాడు. బుడగ పగలకుండా గీసే మనిషికి వారానికోసారి బ్లేడు ఎలా జారుతుందని అడగలేకపోయాను, మొద్దు మొహాన్ని!" అని గుండె మీద కొట్టుకుంది. "ఇరవై ఏళ్లపాటు ప్రతి ఆదివారం విధవరాలిని కాబోయి తప్పించుకున్నానన్నమాట! ఒక్క మాట చెప్పాడా? ఉండు, పైకి వెళ్లాక ఆ మనిషి సంగతి చూస్తాను." అంతలోనే కూతురి భుజం పట్టుకుంది. వేళ్లు గుచ్చుకున్నాయి. "నువ్వు మాత్రం వెళ్లడానికి వీల్లేదు. ఒక శవానికి స్నానం చేయించాను. రెండో శవానికి నా చేతుల్లో బలం లేదు."

నర్సమ్మ లేచింది. "నేను బలవంతపెట్టను వదినా. రేపు పదకొండింటికి మెట్ల దగ్గర ఉంటా. వస్తే వచ్చింది, లేకపోతే లేదు," అని వెళ్లిపోయింది.

తెల్లారేసరికి కత్తెరమ్మకు ఒక ఉపాయం తట్టింది. నాన్న పెట్టె తెరిచి, మడతకత్తి తీసింది. అది బ్లేడు మార్చుకునే కత్తి. ఒక బ్లేడును కాగితంలోనే ఉంచి నిలువునా విరిచి, సగం ముక్క అందులో తోస్తారు. తొయ్యకపోతే అది వట్టి ఇనుపరేకు. చెంపమీద ఎంత గీసినా నురగ పోతుందే తప్ప తోలు తెగదు. రేకు ఆయన చేతికిచ్చి, గీత గీయించుకుని, వెనక్కి తీసుకున్నాక బ్లేడు వేసుకుంటే సరి. మతి స్థిమితం లేని మనిషి, ఏం తెలుస్తుంది?

అమ్మ చెంప మీద గీసి చూపించింది. అమ్మ చెంప తడుముకుని ఊపిరి వదిలింది.

"ఈపాటి బుర్ర మీ నాన్నకు లేకపోయింది చూడు," అంది. అయినా బయల్దేరేటప్పుడు తలమీద చెయ్యిపెట్టి చాలాసేపు ప్రార్థించింది. ఆ ప్రార్థనలో సగం దేవుణ్ణి బెదిరించడమే.

గూడ్సు షెడ్డు మెట్లు మొత్తం పదకొండు. కత్తెరమ్మ వాటిని లెక్కపెట్టింది, ఎటు చూడాలో తెలియక. మెట్ల మీద మూటలూ అట్టముక్కలూ, వాటి మధ్య మనుషులూ. పెట్టె చూడగానే ఎవరో గుర్తుపట్టారు. "మేస్త్రి పెట్టె! మేస్త్రి కూతురు!" మాట ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు పాకింది. చేతికర్ర ఆనించుకున్న ఒక ముసలాయన పక్కకు జరిగి దారిచ్చాడు. కర్రతాత అంటారట ఆయన్ని.

పై మెట్టు మీద నల్లకోటు. రెండు మెట్లు కింద ఉండగానే వాసన తగిలింది. నర్సమ్మ ముక్కుకు గుడ్డ కట్టుకుని, పట్టకారూ మందుసీసా పట్టుకుని గోడవారన నిలబడింది. కింద రోడ్డు మీద దవాఖానా వ్యాను, అందులో డాక్టరు. అంత దూరం నుంచి వచ్చి కాపాడేలోగా జరిగేది జరిగిపోతుందని కత్తెరమ్మ లోపల ఒక గొంతు చెబుతూనే ఉంది.

"మేస్త్రి ఏడీ?" అన్నాడు జడ్జి. గొంతు బొంగురుగా ఉంది. "మూడు నెలలుగా హాజరు కావడం లేదు. వారెంటు పంపించాను."

"నాన్న... పోయారండీ."

"ఎవరి అనుమతితో?"

ఆయన తల ఒకవైపుకు వంచి ఆమెనే చూశాడు. ఆ వంచడం కూడా పుండు వల్లే. దవడ భుజానికి ఆనించి, ఎవరూ చూడకుండా దాచుకుంటున్నట్టు కూర్చున్నాడు. చాలాసేపటికి కుడిచెయ్యి చాచాడు, అరచెయ్యి పైకి పెట్టి.

ఆమె తలకిందులుగా పెట్టిన చెక్కపెట్టె మీద కూర్చుంది. బ్రష్షు తడిపి చెంపకు నురగ రాసుకుంది. చల్లగా తగిలింది. కత్తి తెరిచి ఆ అరచేతిలో పెట్టింది.

జడ్జి కత్తిని ఆమె మొహం దాకా తీసుకురాలేదు. ముందు బొటనవేలితో అంచు తడిమాడు. మళ్లీ తడిమాడు. పనివాళ్లు తడిమినట్టే, అడ్డంగా, మెత్తగా. ఆదివారం ఆదివారం మేస్త్రి చేతి నుంచి కత్తి తీసుకున్న వేలు అది. కత్తెరమ్మ పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఇందులో బ్లేడు లేదు," అన్నాడు.

మెట్లమీది తలలన్నీ ఇటు తిరిగాయి.

"మేస్త్రి నాకెప్పుడూ అబద్ధం ఇవ్వలేదు." లేచాడు. కత్తిని మెట్ల కిందికి విసిరికొట్టాడు. చెక్కపెట్టెను తన్నాడు. ఆమె లేవబోతూ తూలి, గోడ పట్టుకుంది. "మోసం! అందరూ ఒకటే! పట్టుకుని గొరిగేవాళ్లొకరు, బుజ్జగించి గొరిగేవాళ్లొకరు! తీసుకుపోండి! తీసుకుపోండి దీన్ని!" అరుపుకు దవడ కదిలి, గడ్డంలోంచి చీమూ నెత్తురూ కలిసి కోటుమీదికి కారింది. జనం మూటలు పట్టుకుని వెనక్కి జరిగారు.

నర్సమ్మ వచ్చి రెక్క పట్టుకుంది. "చాలు పిల్లా. ప్రయత్నం చేశావు. పద, వెళ్లిపోదాం."

కత్తెరమ్మకు కావలసింది కూడా అదే. గబగబా ఆరు మెట్లు దిగేసింది. ఆరో మెట్టు మీద కత్తి పడి ఉంది. వంగి తీసుకుని, ఎందుకో వెనక్కి చూసింది. జడ్జి మళ్లీ కూర్చుని రెండు చేతులతో గొంతు కప్పుకుని ఉన్నాడు. కోటు అంచు గాలి లేకపోయినా కదులుతోంది. వణుకుతున్నాడు. అది కోపంతో వచ్చిన వణుకు కాదు. ఆ వణుకు ఆమెకు నిన్నటి నుంచీ బాగా పరిచయం.

నర్సమ్మ వద్దంటున్నా మళ్లీ ఎక్కింది. ఒక్కో మెట్టూ ఒక్కో మేడలా ఉంది.

"జడ్జిగారూ, భయమేసింది. అందుకే బ్లేడు తీసేశాను," అంది. తన గొంతు తనకే చిన్నపిల్ల గొంతులా వినిపించింది.

"ఎవరంటే భయం?"

"మీరంటే."

ఆయన ఆలోచించాడు. వాదనలు విన్నవాడిలా కళ్లు మూసుకుని ఆలోచించాడు.

"సాక్షి నిజం చెప్పింది," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "నాకూ నేనంటే భయమే," అన్నాడు.

"మా నాన్నకు వేసేది కాదా?" ఎవరినని కాదు, పైకే అనేసింది.

"ఎందుకు వెయ్యదు తల్లీ," అన్నాడు కిందిమెట్టు నుంచి కర్రతాత. "ఆయన మొహం చూసినవాళ్లకు తెలిసేది కాదు. నేను కింద కూర్చునేవాణ్ణి, ఆయన మోకాళ్లు చూసేవాణ్ణి. కత్తి ఇచ్చిన ప్రతిసారీ గడగడలాడేవి. ఏం మేస్త్రీ చలేస్తోందా అని ఆటపట్టించేవాణ్ణి."

నాన్నకు దేవుడు భయం లేకుండా చేశాడనీ, తనకు ఆ వరం ఇవ్వలేదనీ కత్తెరమ్మ ఇన్నాళ్లూ అనుకుంది. ఇరవై ఏళ్లు ప్రతి ఆదివారం ఆయన వణుకుతూనే వచ్చాడా? వణుకుతూనే మెడ చాపాడా?

తన్నిన చెక్కపెట్టెను సరిగా పెట్టుకుని కూర్చుని, సామాను పెట్టె తెరిచింది. బ్లేడు పొట్లం తీసి, ఆయన కళ్లెదుటే కాగితంలో ఉంచి విరిచింది. టక్కుమన్న ఆ చిన్న చప్పుడు మెట్లన్నిటికీ వినబడింది. సగం ముక్క కత్తిలోకి తోసి, బిగించి, మళ్లీ నురగ రాసుకుంది. ఒక చేత్తో రెండో చేతి మణికట్టు పట్టుకుంటే తప్ప కత్తి అందించలేకపోయింది.

జడ్జి బొటనవేలితో తడిమాడు. తలూపాడు. ముందుకు వంగాడు.

ఆమె మొహం పక్కకు తిప్పింది. ఆయన ఊపిరీ, పుండు వాసనా, కోటు మీది దుమ్మూ అన్నీ ఒక్కసారిగా దగ్గరికొచ్చాయి. ప్రార్థన చేద్దామనుకుంటే చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చిన మాటల్లో ఒక్కటీ గుర్తురాలేదు. "నాన్నా, నాన్నా" అన్నది ఒక్కటే వస్తోంది, ఆ పిలుపు ఏ నాన్నకో ఆమెకే తెలియదు. చెవి కింద చల్లటి అంచు ఆనింది. నెమ్మదిగా కిందికి జరిగింది. దవడ ఎముక దాటింది. ఇక తీసేస్తాడు, ఒక్క గీతేగా, ఇక తీసేస్తాడు...

షెడ్డు వెనక పట్టాల మీద రెండు వ్యాగన్లు ధడేలుమని ఢీకొన్నాయి. జడ్జి చెయ్యి అదిరింది.

మొదట మంట తెలియలేదు. మెడమీద వెచ్చగా ఏదో పాకడం తెలిసింది. నర్సమ్మ కెవ్వుమంది. జడ్జి కత్తి చివరన ఎర్రగా ఉన్నది చూసి, ఆమె మెడ చూసి, పిడికిలి బిగించాడు, కత్తితో సహా. "నేను కాదు! నేను చెయ్యలేదు! కొట్టకండి! దగ్గరికొస్తే చంపేస్తా! నేను చెయ్యలేదు!" కత్తి ఆమె మొహానికి జానెడు దూరంలో గాలిని కోస్తోంది. కింద వ్యాను తలుపు తెరుచుకున్న చప్పుడు, ఎవరో పరుగెత్తుకొస్తున్న చప్పుడు.

"ఎవరూ రావద్దు!" అని అరిచింది కత్తెరమ్మ.

ఆమె కదలకుండా కూర్చుందనీ, అంత గుండె ధైర్యం ఎక్కడా చూడలేదనీ నర్సమ్మ ఆ తర్వాత వీధంతా చాటింది. నిజానికి కాళ్లు రెండూ నీరుగారిపోయి, లేద్దామన్నా లేవలేకపోయింది. కదిలింది చెయ్యి ఒక్కటే. అది కూడా అలవాటు కొద్దీ పెట్టెలోకి పోయి పటిక రాయి తీసింది. సెలూనులో ఎవరికి తెగినా ముందు చెయ్యి పోయేది అక్కడికే.

"జడ్జిగారూ, తెగితే మా నాన్న ఏం చేసేవాడు?" అని పటిక చాచింది.

కత్తి గాలిలో ఆగింది. ఆయన కళ్లు రాయిమీద పడ్డాయి. ఎంతసేపు అలా చూశాడో గానీ ఆమెకు అది ఒక ఏడాది. చివరికి కత్తిని పెట్టె అంచు మీద, గుడ్డ పరిచిన చోట, పక్కకు తిప్పి పెట్టాడు. మేస్త్రి పెట్టే తీరే అది. పటిక తీసుకుని నీళ్లలో ముంచి, ఆమె గాటు మీద అద్దాడు. చురుక్కుమంది. ఆ మంటకే ఆమెకు కన్నీళ్లు వచ్చేశాయి, ఆగలేదు.

"చిన్న గాటే. వాయిదా అక్కర్లేదు," అని గొణిగి, వెనక్కి వాలి, గడ్డం పైకెత్తి, మెడ ఇచ్చాడు.

ఆ తర్వాత గంటకు పైనే పట్టింది. ముందు కత్తెరతో అట్టకట్టిన గడ్డాన్ని ముక్కలు ముక్కలుగా విడదీసింది. ఒక్కో ముక్కా ఊడివస్తుంటే కింద ఏం కనబడుతుందోనని ఊపిరి బిగబట్టుకునేది. కనబడినదాన్ని ఇక్కడ వర్ణించడం అన్నం తినే మనుషులకు మంచిది కాదు. నర్సమ్మ పట్టకారుతో ఒక్కొక్కటే తీసి మందుసీసాలో వేస్తూ పోయింది. పుండు అంచుల దగ్గర కత్తి వాడాల్సొచ్చింది. అక్కడ తోలు తడికాగితంలా ఉంది. ఎడమచేతి రెండు వేళ్లతో మెడ సాగదీసి పట్టుకుంటే, ఆ వేళ్ల కింద ఆయన నాడి కొట్టుకుంటోంది. పంజరంలో పిట్టలా, తన గుండెకన్నా వేగంగా. కత్తి వాళ్లకిస్తే భయమంతా ఇచ్చినవాళ్లదే అనుకుంది ఇంతవరకూ. తన చేతిలో కత్తి ఉండగా ఒక మనిషి ఇంతగా భయపడుతూ మెడ వదిలిపెట్టి కూర్చోవడం ఎలా ఉంటుందో వేళ్లకు తెలిసింది. అప్పటినుంచి చెయ్యి వణకలేదు. వణకనివ్వలేదు.

డాక్టరు వచ్చి, వంగి చూసి, చిటికెనవేలు చూపించాడు. "నాళానికి ఇంత దూరంలో ఆగింది. ఈ వెడల్పే. రేపటికైతే నేను చెప్పలేను."

కట్టు కట్టి జడ్జిని వ్యాను ఎక్కించారు. గడ్డం పోయేసరికి ఏదో బళ్లో లెక్కల మాస్టారులా ఉన్నాడు, బుగ్గలు లోపలికి పోయి, చెవులు పెద్దవై. ఎక్కుతూ డ్రైవరుకు మూడేళ్లు వేశాడు. నర్సమ్మ కూడా వెళ్లింది.

వ్యాను కనుమరుగయ్యాక కత్తెరమ్మకు అసలు వణుకు పట్టుకుంది. పళ్లు టకటక కొట్టుకున్నాయి. బ్రష్షు కడగబోతే చేతిలోంచి జారి మూడు మెట్లు దొర్లింది. కత్తి మడవబోతే మడతపడదు. ఇంటికి పోవాలి. మార్కెట్టు మీదుగా కాదు, అడ్డదారినే పరుగెత్తి పోయి, అమ్మ పక్కన పడి దుప్పటి కప్పుకోవాలి.

కర్రతాత దొర్లిన బ్రష్షు పట్టుకుని ఎక్కి వచ్చాడు. వచ్చి, ఎవరూ పిలవకుండానే, ఖాళీ అయిన చోట కూర్చున్నాడు.

"వచ్చే ఆదివారం తాతా. ఈవేళ నావల్ల కాదు. చేతులు చూడు."

"చూశాను. అలా అని పేలు వచ్చే ఆదివారం దాకా ఆగుతాయా తల్లీ? మూడు నెలలుగా గోక్కుని గోక్కుని గోళ్లే అరిగిపోయాయి."

ఆమె రోడ్డు వైపు చూసింది. మళ్లీ ఆయన గడ్డం వైపు చూసింది.

"నీ చేతికి కూడా కత్తి ఇవ్వాలా?"

"అమ్మో, నాకొద్దు!" అని రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు. "నాకు కత్తి పట్టుకోవాలంటేనే చచ్చే భయం. మీ నాన్నతో కూడా వద్దు బాబూ అనేవాణ్ణి. వింటేగా! నీకోసం కాదు తాతా, నాకోసం పట్టుకో, ఇవ్వకుండా గీస్తే నేనేదో మీకు దానం చేస్తున్నట్టు నాకు పెద్దరికం వచ్చేస్తుంది, అనేవాడు. నేను గట్టిగా కళ్లు మూసుకుని, ఒక గీత గీసి, ఆయన చేతిలో పడేసేవాణ్ణి. నువ్వు ఇవ్వకు. హాయిగా గీసెయ్యి, నేనేం అనుకోను."

ఆయన వద్దన్నాడు. ఇవ్వకపోతే అడిగేవాళ్లెవరూ లేరు. చెవికింద గాటు పటికకు బిగుసుకుని మండుతోంది. మోకాళ్లు చూసుకుంది. గడగడలాడుతున్నాయి.

పొట్లంలోంచి ఇంకో బ్లేడు తీసింది. విరవడానికి మూడుసార్లు ప్రయత్నించాల్సొచ్చింది. రెండో చెంపకు నురగ రాసుకుని, ముసలాయన చంకలోంచి చెయ్యి బయటికి లాగి, అందులో కత్తి పెట్టింది.

"కళ్లు మాత్రం తెరుచుకుని గియ్యి తాతా," అని, తన కళ్లు గట్టిగా మూసుకుంది.